మూలపడ్డ కారుకు మళ్ళీ ప్రాణం

కూరల బుట్టలు మోసుకువచ్చే కారే, పిల్లలను బడిలో దింపివచ్చే కారే, దారి ఖాళీగా దొరికినప్పుడు పందెపు గుర్రంలా పరుగెత్తగలిగితే ఎలా ఉంటుంది? ఈ ఊహ 1970లలో జర్మనీలో కొందరు ఇంజనీర్లకు కలిగింది. వోక్స్‌వ్యాగన్ కంపెనీవారి గోల్ఫ్ అనే చిన్నకారులో బలమైన ఇంజను అమర్చి, 1976లో గోల్ఫ్ జి.టి.ఐ. అనే పేరుతో అమ్మకానికి పెట్టారు. అయిదువేలు అమ్ముడుపోతే చాలుననుకున్నారు. తీరా చూస్తే ఆ మొదటి తరం కార్లే నాలుగు లక్షలు దాటిపోయాయి!

వెనుక తలుపు పైకి లేచే చిన్నకార్లను హ్యాచ్‌బ్యాక్‌లంటారు గదా. వాటిలో ఈ చురుకు జాతికి ఇంగ్లీషువారు 'హాట్ హ్యాచ్' అని ముద్దుపేరు పెట్టారు. ఆ జాతిలో మణిపూస అనదగినది 1984లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ప్యూజో 205 జి.టి.ఐ. మొదట దానికి 1,580 సి.సి. ఇంజను, 105 గుర్రాల బలం. 1986 చివరలో 1,905 సి.సి. ఇంజనుతో 130 గుర్రాల బలం గలది కూడా వచ్చింది. బండి బరువు చూడబోతే తొమ్మిదివందల కిలోలకు అటూ ఇటూ. తేలికైన ఒంటికి అంత బలం తోడైతే ఇక అడగాలా?

ధనవంతుల పందెపు కార్లకు దూరంగా, ఉద్యోగస్థుడి చేతికి అందేటట్టుగా పుట్టిందది. ఆ గుణమే తరువాత దానికి చేటు తెచ్చింది. 1980ల చివర, 1990ల మొదట్లో ఇంగ్లండులో కుర్రకారు ఇలాంటి కార్లను దొంగిలించి వీధుల్లో పరుగులు తీయించేవారు. దాంతో భీమా రుసుము ఆకాశానికి అంటింది. పాతబడ్డకొద్దీ ధర పడిపోయి, కొనగలిగినా పోషించలేనివారి చేతుల్లోకి చేరాయి. ఏనుగును కొనడం తేలికే. మేపడంలోనే ఉంది కష్టమంతా. కొన్ని చెట్లను గుద్దుకున్నాయి. కొన్ని తుప్పుపట్టిపోయాయి. కొన్ని మాత్రం షెడ్లలో, పెరళ్ళలో మూలపడి, ఎవరైనా వస్తారా అని ఎదురుచూస్తూ ఉండిపోయాయి.

తెలుగు పాఠాలు చెప్పుకునే ఈయనకు ఇంజన్ల గొడవ ఎందుకంటారా? మా అక్కయ్య కొడుకు కోవెంట్రీలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. చేతితో పానా పట్టి ఎరుగని ఆ పిల్లవాడు 2023లో అటువంటి మూలపడ్డ 205 ఒకటి కొన్నాడు. 1989 నాటి బండి. 2024 వేసవిలో రెండు నెలలు వాళ్ళింట ఉండి ఆ పనంతా దగ్గర నుంచి చూశాను. ముందు జరిగినవి వాడు ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పినవే.

కొనకముందే జాతకం

ఇంగ్లండులో కారుకు మూడేళ్ళు నిండాక ఏటేటా ఎం.ఓ.టి. అనే పరీక్ష జరగాలి. బ్రేకులు, టైర్లు, దీపాలు, ఒంటికి పట్టిన తుప్పు, వదిలే పొగ అన్నీ అందులో చూస్తారు. ఆ పరీక్షల ఫలితాలు ప్రభుత్వంవారి కంప్యూటరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రోగి పాత చీటీలు చూసి వైద్యుడు రోగచరిత్ర తెలుసుకున్నట్టే, మావాడు బండిచరిత్ర చదివాడు. చివరి పరీక్ష 2015లో. అంతకుముందు రెండేళ్ళూ కింది అంచుల్లో తుప్పు కనిపిస్తున్నదని హెచ్చరించారు. వెనుక ఇరుసు గురించి కూడా ఒక మాట ఉన్నది. ఆ పైన అంతా మౌనం. ఎనిమిదేళ్ళు బండి కదలలేదన్నమాట.

కదలని బండి అరగదు గదా అని మనం అనుకుంటాం. నిజానికి వాడకం కంటె వాడకపోవడమే యంత్రానికి ఎక్కువ చేటు. పెట్రోలు పులిసి జిగురుగా మారుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని లోపలి ఇనుమును తినేస్తుంది. రబ్బరు ఎండి బీటలు వారుతుంది. కార్పెట్ల కింద చేరిన వాననీరు ఎవరికీ కనబడకుండా రేకును కొరుక్కుతింటుంది. టైర్ల మీద గాడులు నిండుగా ఉన్నంతమాత్రాన మురిసిపోరాదు. పక్కగోడ మీద అచ్చుపోసిన నాలుగంకెలు చూడాలి. 2309 అని ఉంటే 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అంత పాత టైరు చూపుకే గాని పరుగుకు పనికిరాదు.

తాళంచెవి తిప్పరాదు

బండి ఇంటికి రాగానే ఎవరికైనా పుట్టే మొదటి కోరిక తాళంచెవి తిప్పి చూద్దామని. సరిగ్గా అదే చేయరాదని పొరుగింటి పెద్దాయన అడ్డుపడ్డాడు. ఆయన కోవెంట్రీ పక్కనున్న రైటన్‌లో ప్యూజో కార్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయినవాడు. ఆ ఫ్యాక్టరీ 2006 డిసెంబరులో మూతపడింది.

ఆయన చెప్పిన క్రమం ఇది. ముందు పాత పెట్రోలంతా తీసివేయాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా నూనె పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. తరువాత ఇంజనును పానాతో, చేత్తో మెల్లగా తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆగాలి. ఇంజను నూనె, ఫిల్టరు మార్చాలి. అన్నిటికంటె ముఖ్యం టైమింగు బెల్టు. ఇంజను పైభాగాన్నీ కిందిభాగాన్నీ ఒకే తాళానికి ఆడించేది ఈ రబ్బరు పట్టీ. ఇది తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజను ఒక్క క్షణంలో పాడవుతుంది. కొత్త బెల్టు ఖరీదు స్వల్పం; పాతదాన్ని నమ్ముకున్నందుకు పడే ఖరీదు ఇంజనంత.

మూడు నెలల తరువాత ఒక ఆదివారం ఇంజను పలికింది. "మామయ్యా, ప్రాణం వచ్చింది!" అని ఫోనులో వాడు వేసిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. అయితే ఆ ప్రాణం నిలకడగా లేదు. ఇంజను ఎగిరెగిరి పడి ఆగిపోయేది. దీనిలో పెట్రోలును అందించే బాష్‌వారి ఏర్పాటు, లోపలికి పోయే గాలిని ఒక రెక్క సాయంతో కొలిచి, దానికి తగినంత పెట్రోలును చిమ్ముతుంది. గాలిగొట్టానికి ఎక్కడైనా బీట ఉంటే కొలతకు అందని గాలి దొంగదారిన పోయి లెక్కంతా తారుమారవుతుంది. ఖరీదైన పెట్టెలేవో చెడిపోయాయని మావాడు బెంగపడ్డాడు. తీరా అది పగిలిన రబ్బరు గొట్టం, తుప్పుపట్టిన ఎర్త్ తీగ. ఈ రెండూ మార్చగానే ఇంజను బుద్ధిగా నడిచింది.

పరుగుకు ముందు నిలుపు

ఇంజను నడిచింది గదా, వీధి చివరిదాకా ఒక్కసారి పోయివద్దామని మావాడి ఉబలాటం. పెద్దాయన ఒప్పుకోలేదు. బండి ఎంత వేగంగా పోతుందన్నది రెండో ప్రశ్న, ఎంత నమ్మకంగా ఆగుతుందన్నది మొదటి ప్రశ్న అని ఆయన సిద్ధాంతం. ఈ పనంతటికీ ప్రాణం ఆ ఒక్క మాటలో ఉన్నదని నాకు తోచింది.

బండిని జాకీతో లేపి, గట్టి ఉక్కు స్టాండ్ల మీద నిలిపారు. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మా కోడలు లోపల కూర్చుని బ్రేకు తొక్కి వదిలేది. మావాడు చక్రాలు తిప్పిచూసేవాడు. మూడు చక్రాలు తిరిగాయి. ముందు ఎడమ చక్రం బిగుసుకుపోయింది. అమ్మాయి కాలు తీసినా బ్రేకు వదలలేదు. పెద్దాయన బ్రేకు దగ్గరి చిన్న మరను కొంచెం సడలించమన్నాడు. నూనె చివ్వున చిమ్మింది, చక్రం వెంటనే తిరిగింది. దోషం బ్రేకులో లేదు, దానికి నూనె తెచ్చే రబ్బరు గొట్టంలో ఉన్నది. కోసిచూస్తే లోపలిపొర ఉబ్బి దారి మూసుకున్నది. గట్టిగా తొక్కినప్పుడు నూనె ముందుకు పోతుందే గాని వెనక్కు రాలేదు. పైకి మాత్రం ఆ గొట్టం నల్లగా నిగనిగలాడుతూనే ఉంది!

ఆ సాయంత్రం మా కోడలు ఏమీ మాట్లాడలేదు. అంతకుముందు ఆమెకు ఈ బండి అంటే చిరాకు. డబ్బు పోతున్నదనీ, వాకిలి నిండా సామానేననీ సణిగేది. తమ అయిదేళ్ళ పిల్ల ఏనాటికైనా ఈ బండిలో కూర్చుంటుంది గదా అన్న సంగతి అప్పుడు మనసులో మెదిలింది కాబోలు, మరునాడు తానే, "నాలుగు గొట్టాలూ కొత్తవి వేయండి. ఒక్కటి కూడా పాతది ఉంచవద్దు" అన్నది. గొట్టాలు, నూనె, అరిగిన పలకలు అన్నీ కొత్తవి పడ్డాయి.

వాలిన చక్రాలు

ఇక వెనుక ఇరుసు. ఈ బండికి వెనుక నిలువు స్ప్రింగులు లేవు. అడ్డంగా ఉన్న ఉక్కు కడ్డీలే మెలితిరిగి స్ప్రింగు పని చేస్తాయి. అందువల్లనే చిన్నబండి అయినా సామాను పెట్టుకోవడానికి అంత చోటు దొరికింది. చక్రాలను మోసే చేతులు ఒక గొట్టంలో సన్నని సూదుల వంటి బేరింగుల మీద ఆడతాయి. ఏళ్ళు గడిచి నీరు చొరబడి గ్రీజు ఎండితే బేరింగులు అరిగి గొట్టాన్నే కొరకనారంభిస్తాయి. అప్పుడు వెనుక చక్రాల పైఅంచులు లోపలికి వాలతాయి.

దీన్ని తేలికగా తీసుకోవడానికి లేదు. ఈ కారుకు ఒక పేరుమోసిన గుణం ఉంది. మలుపులో వేగంగా పోతూ, భయపడి చటుక్కున పెడలు మీది కాలు తీసేస్తే, బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాల పట్టు సడలి, తోక బయటికి విసురుతుంది. తెలిసినవాడికి అది వినోదం, తెలియనివాడికి కందకం. ఇరుసు అరిగి టైర్లు ఎండిన బండిలో తెలిసినవాడికీ అదే గతి. మావాడు ఇరుసు విప్పి, వాటిని బాగుచేయడమే వృత్తిగా గల వారికి పంపాడు. కింది అంచుల తుప్పు కోసి కొత్త రేకు అతికే పని వెల్డరుకు అప్పగించాడు. తన చేతిపని ఏదో, ఇతరులకు విడిచిపెట్టవలసినది ఏదో తెలుసుకోవడం కూడా విద్యే.

వాడు నేర్చిన విద్య మరొకటి కూడా చూడముచ్చటగా ఉంది. విప్పకముందు ప్రతిదానికీ ఫొటో తీసేవాడు. విప్పిన బోల్టులను చిన్నచిన్న సంచుల్లో వేసి, ఎక్కడివో చీటీ రాసి పెట్టేవాడు. ఒకేసారి బండినంతా విప్పిపోయలేదు. ఒక భాగం విప్పడం, బాగుచేయడం, బిగించడం. ఆ తరువాతనే మరొకటి. సగం విప్పి వదిలేసిన కార్లు లోకంలో కోకొల్లలు. ఇలాంటి పనులు తుప్పు వల్ల కంటె ఆత్రం వల్లనే ఎక్కువగా మూలపడతాయని పెద్దాయన అన్నాడు.

కల్యాణ్ నుంచి వచ్చిన తోబుట్టువు

ఒకనాడు ఆ పెద్దాయనకు నేనొక సంగతి చెప్పాను. ఆయన రైటన్‌లో బిగించిన ప్యూజో 309 మన దేశంలో కూడా తయారైంది. 1990ల మధ్యలో ప్రీమియర్ కంపెనీవారితో కలిసి బొంబాయి దగ్గర కల్యాణ్‌లో దాన్ని చేశారు. 205కూ దానికీ తలుపులు సహా ఎన్నో భాగాలు ఒకటే. మన ఊళ్ళలో కూడా అవి తిరిగాయి. కొద్దికాలానికే ఆ ఫ్యాక్టరీ ఆగిపోవడంతో విడిభాగాలు కరువై చాలా బండ్లు చెట్లకింద చేరాయి. ఆయన చాలాసేపు విని, బండి చచ్చేది తుప్పుతో కాదు, దాన్ని ఎరిగినవాళ్ళు లేక అన్నాడు. ఇంగ్లండులో 205కు ప్రేమికుల సంఘాలున్నాయి, అరిగే భాగాలు చాలావరకు ఇప్పటికీ దొరుకుతాయి. అనుభవజ్ఞులు పక్కింట్లోనే ఉంటే ఇక కొదువేమిటి?

రంగు చివర

నేను వెళ్ళిననాటికి బండి రంగు వెలిసి ఉంది, ముందు రెక్క మీద గీతలు. రంగు ముందు వేయిస్తే అందంగా ఉండేది గదా అన్నాను. పైన పటారం లోన లొటారం అయితే ఏం లాభం మామయ్యా, అన్నాడు వాడు. తెలుగు సామెత మరిచిపోనందుకు మాస్టరుగా సంతోషించాను.

జూలైలో ఎం.ఓ.టి. పరీక్షకు ట్రైలరు మీద తీసుకువెళ్ళాడు. మొదటిసారి ఒక దీపం గురి సరిగా లేదని, పొగలో దోషం ఎక్కువున్నదని తిప్పిపంపారు. పదిరోజుల తరువాత రెండోసారి నెగ్గింది. అప్పుడుగాని పిల్ల కూర్చునే కుర్చీ వెనుక సీటులో బిగించలేదు.

పాత వస్తువును బాగుచేయడమంటే కొత్తదాన్ని చేయడమని చాలామంది అపోహ. ముప్పయ్యయిదేళ్ళ కారు ఎంత తోమినా కొత్తది కాబోదు. దాని మీద భరోసా తిరిగి తేగలం, అంతే. అదేమీ చిన్న సంగతి కాదు. పని తెలియనివాడికి కావలసినది నేర్పరితనం కాదు. దేని తరువాత ఏది అన్న వరుస, తోచనప్పుడు ఒకరిని అడిగే వినయం, ఆగవలసినచోట ఆగగల నిబ్బరం. ఇవి ఉంటే చేతులకు మసి అంటినకొద్దీ నేర్పు అదే వస్తుంది. ఇక రంగు సంగతంటారా, వచ్చే వేసవికి చూద్దామంటున్నాడు మావాడు. ఏ రంగు వేయించాలన్నది మాత్రం మా కోడలూ, మనవరాలూ అప్పుడే తేల్చేశారట.