పాత డిస్కుకు కొత్త పెట్టె

పిల్లలూ! కాగజ్ అంటే కాగితం. సిర్పూరు కాగితపు మిల్లు మూలంగానే కాగజ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది. అటువంటి ఊళ్ళో కూడా ఇప్పుడు పెళ్ళి ఫోటోలు కంప్యూటరులోనే దాస్తున్నారు!

మీ ఇంట్లో పాత కంప్యూటరు చెడిపోయిందనుకోండి. ఫోటోలన్నీ పోయినట్టేనా? కాదు. అవి ఉండేది లోపలి హార్డు డిస్కులో. అది బాగుంటే, పెద్దవాళ్ళ చేత ఊడదీయించి, చిన్న పెట్టెలో అమర్చి, యు.ఎస్.బి. తీగతో మరో కంప్యూటరుకు తగిలించవచ్చు.

కాని పెట్టె కొనేముందు డిస్కును చూడాలి. ల్యాప్‌టాప్ డిస్కు రెండున్నర అంగుళాలది. దానికి 5 వోల్టులు చాలు. ఆ కరెంటు యు.ఎస్.బి. తీగ గుండానే వస్తుంది. బల్లమీది కంప్యూటరు డిస్కు మూడున్నర అంగుళాలది. దానికి 12 వోల్టులు కూడా కావాలి. అందుచేత విడిగా అడాప్టరు ఉన్న పెట్టెనే అడగండి. ఇక డిస్కు అంచున సూదులవంటివి రెండు వరుసలుంటే అది పాతకాలపు ఐ.డి.ఇ. రకం. సూదులు లేక, చదునైన నాలుకల వంటివి రెండుంటే అది సాటా. ఒకదాని పెట్టె మరొకదానికి పనికిరాదు.

డిస్కు నిమిషానికి 5,400 చుట్లో, 7,200 చుట్లో తిరిగి వేడెక్కుతుంది. మన ఎండలు సరేసరి! ప్లాస్టిక్ కంటే అల్యూమినియం పెట్టె ఆ వేడిని త్వరగా బయటికి పంపుతుంది.

తగిలించగానే ఫోటోలను మరొకచోటికి కూడా ఎక్కించండి. టకటకమని చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపెయ్యండి. అది పెట్టె మారిస్తే కుదిరే జబ్బు కాదు.