కుక్కపిల్లతో బిడ్డ ఆట

కుక్కపిల్ల అంటే పిల్లలకు ఎంతో ఇష్టం. దాని వెంట పరుగెత్తుతారు. తోక పట్టి లాగుతారు. మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకుంటారు. చూస్తుంటే మనకూ ముచ్చటేస్తుంది. కానీ ఒక్కోసారి ఆట మోటుగా మారుతుంది. బిడ్డ కింద పడతాడు. చేతి మీద పంటి గాటు పడుతుంది.

"అమ్మో, దీనికి పిచ్చి పట్టింది! కొట్టండి!" అని ఒకరంటారు. "ఆటలో కరిచిందిలే వదినా, ఏం కాదు" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలూ సరికావు. ఎందుకో చూద్దాం.

ఎందుకు కరుస్తుంది?

కుక్కపిల్లకు మనలా చేతులు లేవు. ఏదైనా నోటితోనే పట్టుకుంటుంది. తోటి పిల్లలతో ఆడినా నోటితోనే ఆడుతుంది. గట్టిగా కరిస్తే రెండో పిల్ల కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. అప్పుడు దీనికి బుద్ధి వస్తుంది. అందుకే కుక్కపిల్లను కనీసం రెండు నెలలు తల్లి దగ్గర ఉండనివ్వాలి.

నాలుగు నుంచి ఆరు నెలల వయసులో దాని పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి. చిగుళ్లు సలుపుతాయి. కనిపించిందల్లా కొరుకుతుంది. పెద్దజాతి పిల్ల అయితే ఆరు నెలలకే మూడేళ్ల బిడ్డ కన్నా బరువు తూగుతుంది. ఒళ్లు పెరిగింది గానీ బుద్ధి ఇంకా పసిదే. మన బిడ్డా అంతే. తన బలం తనకు తెలియదు. కాబట్టి ఇద్దరికీ మనమే నేర్పాలి.

బిడ్డకు ఏం నేర్పాలి?

1. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు కుక్కను కదిలించకూడదు.
2. తోక, చెవులు లాగకూడదు. మీద ఎక్కకూడదు.
3. కుక్క మీదికి దూకితే పరుగెత్తకూడదు. కేకలు వేయకూడదు. చేతులు ముడుచుకుని చెట్టులా నిలబడాలి.

పసిబిడ్డను, కుక్కను ఒంటరిగా వదలకండి. పెద్దవాళ్లు ఒకరు దగ్గరే ఉండాలి. పని ఉంటే బిడ్డనో, కుక్కనో వేరే చోట ఉంచండి.

కుక్కపిల్లకు ఏం నేర్పాలి?

పళ్లు తగలగానే ఆట ఆపేయండి. బిడ్డను ఎత్తుకుని పక్కకు వెళ్లండి. కాసేపు దాన్ని పలకరించకండి. కొరికితే ఆట పోతుందని అదే నేర్చుకుంటుంది. కొరుక్కోవడానికి పాత గుడ్డను గట్టి ముడి వేసి ఇవ్వండి. కొట్టవద్దు. కొడితే చెయ్యి చూస్తేనే బెదిరి కరుస్తుంది. ఇంట్లో మగవాళ్లు, పెద్దపిల్లలు సరదాకి చేతులు కొరికిస్తూ ఆడుతుంటారు. అది మాన్పించండి.

ముందుకాళ్లు చాచి, ఛాతీ నేలకు ఆనించి, వెనక భాగం పైకి ఎత్తితే అది ఆటకు పిలుస్తోందన్నమాట. ఒళ్లు బిగబట్టి, గుర్రుమని, పళ్లు చూపిస్తే "ఇక చాలు" అంటోందన్నమాట. వెంటనే బిడ్డను దూరంగా తీసుకెళ్లండి.

పన్ను దిగితే?

కుక్కపిల్లకు కూడా రేబీస్ ఉండవచ్చు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం చాలా అరుదు. కానీ వెంటనే జాగ్రత్త పడితే జబ్బు రాకుండా ఆపవచ్చు.

చిన్న గీత పడినా సరే, సబ్బు రుద్ది ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. అంటే దాదాపు అన్నం ఉడికేటంతసేపు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకండి. కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం. బొడ్డు చుట్టూ సూదులు వేస్తారని భయపడవద్దు. అది పాత మందు. 2005 నాటికే మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పుడు పెద్దవాళ్లకు చేతికి వేస్తారు. పసిపిల్లలకు తొడకు కూడా వేస్తారు. గాయం నుంచి రక్తం వస్తే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ తప్పకుండా వెళ్లాలి. ఒక్కటి మానినా ప్రమాదమే.

తిడతారనే భయంతో పిల్లలు గాటును దాచేస్తారు. అది అన్నిటికన్నా ప్రమాదం. "కుక్క పన్ను తగిలితే వెంటనే నాకు చెప్పు నాన్నా, నేనేమీ అనను" అని ముందే చెప్పి ఉంచండి.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబీస్ టీకా వేయించండి. తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి.

మీ సంఘంలో మాట్లాడుకోండి

1. మీ వీధిలో ఎన్ని కుక్కలకు టీకా వేయించారు?
2. మీకు దగ్గరలో కుక్కకాటు టీకా ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది?
3. కుక్క కరిస్తే మీ ఇంట్లో ఇదివరకు గాయానికి ఏం పెట్టేవారు? ఇప్పుడు ఏం చేస్తారు?