మందగించిన థైరాయిడ్: మాత్రతో పాటు మెలకువ

వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న నరసాపురంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటిపట్టున కూర్చొని కొక్కెపు సూదితో లేసు అల్లే స్త్రీలకు వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టు లాగడం, సాయంత్రానికి ఒళ్లు బరువెక్కడం కొత్త సంగతులు కావు గనుక, వాటన్నింటికీ అల్లికే కారణమని అనుకోవడం సహజం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లేసు వెనుక ఉన్నది గంటల తరబడి ఒకే తీరుగా కదిలే చేతుల శ్రమ కాబట్టి, ఆ అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది. అయితే ఇవే బాధలు మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు కూడా కలుగుతాయి. ఈ స్థితిని వైద్యులు హైపోథైరాయిడిజం అంటారు.

థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను వాడుకొని టీ4, టీ3 అనే రెండు హార్మోన్లను తయారు చేస్తుంది. శరీరంలోని కణాలు శక్తిని ఎంత వేగంగా ఖర్చు చేయాలో నిర్ణయించేవి ఇవే. ఇవి తగ్గినప్పుడు నీరసం, మలబద్ధకం, చలిని తట్టుకోలేకపోవడం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, నెలసరి గాడి తప్పడం, కొద్దిగా బరువు పెరగడం వంటివి మెల్లమెల్లగా కనిపిస్తాయి. కణజాలం ఉబ్బి, మణికట్టులోని ఇరుకు దారి గుండా వెళ్లే నరాన్ని నొక్కినప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, రాత్రివేళ నొప్పి ఎక్కువవుతుంది. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. కనుక వేళ్ల తిమ్మిరికి నీరసం, మలబద్ధకం తోడైతే రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

ఈ పరీక్షలో ముందుగా చూసేది టీఎస్‌హెచ్. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను పని చేయమని ప్రేరేపించేందుకు విడుదల చేసే హార్మోన్ ఇది. థైరాయిడ్ మందగించే కొద్దీ ఈ ప్రేరణ పెరుగుతుంది గనుక, టీఎస్‌హెచ్ ఎక్కువగానూ టీ4 తక్కువగానూ ఉంటే వ్యాధి నిర్ధారణ అవుతుంది.

ఉప్పులో అయోడిన్ కలపడం విస్తృతమైన తరువాత మన దేశంలో ఈ వ్యాధికి ప్రధాన కారణం అయోడిన్ లోపం కాక, శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌పై దాడి చేయడమైంది. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో వర్ణించిన ఈ రుగ్మతకు ఆయన పేరే నిలిచింది. కాబట్టి ఉప్పు ఎక్కువ తింటే గ్రంథి కోలుకుంటుందనుకోవడం సరికాదు. మితిమీరిన అయోడిన్ కొందరిలో సమస్యను పెంచుతుంది కూడా.

చికిత్స చరిత్ర ఆశాజనకమైనది. 1891లో ఇంగ్లండ్ వైద్యుడు జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని సూదిమందుగా ఇచ్చిన రోగి, ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్లు జీవించింది. 1914లో శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను, అంటే టీ4 హార్మోన్‌ను, వేరుచేయగా, 1927 నాటికి దానిని ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. నేడు లీవోథైరాక్సిన్ పేరుతో రోజుకొకటి వేసుకునే చిన్న మాత్ర ఆ హార్మోనే.

ఆ మాత్ర పని చేయడమన్నది దానిని వేసుకునే తీరుపై ఆధారపడి ఉంటుంది. పరగడుపున నీళ్లతో మాత్ర మింగి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే కాఫీ గానీ టిఫిను గానీ తీసుకోవాలి. కాఫీ గ్లాసు చేతిలో ఉండగా మాత్ర వేసుకుంటే మందు సరిగా ఒంటపట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గోదావరి తీరపు ఉక్కపోతకు మందు చెడకుండా, దానిని మూత బిగించిన దాని సీసాలోనే, పొయ్యికీ ఎండకూ దూరంగా ఉంచాలి. రక్తంలో ఈ మందు సగమవడానికే దాదాపు వారం పడుతుంది గనుక, మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాతే మళ్లీ టీఎస్‌హెచ్ చూస్తారు. గర్భం దాల్చినట్లు తెలియగానే వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే అప్పుడు మోతాదు పెంచవలసి వస్తుంది; బిడ్డ మెదడు ఎదుగుదల తొలినెలల్లో తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది.

టీఎస్‌హెచ్ సరైన స్థాయికి వచ్చినా నీరసం వదలని వారు కొందరుంటారు. వారి బాధను అపోహగా కొట్టిపారేయడం అన్యాయం. అలాగని సొంతంగా మోతాదు పెంచుకోవడమూ ప్రమాదమే, ఎందుకంటే హార్మోన్ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. రక్తహీనత, విటమిన్ బీ12 లోపం, నిద్రలేమి, దిగులు వంటి వాటిని వరుసగా పరీక్షించుకోవాలి. టీ3 మాత్రను జోడించడం వల్ల ఎక్కువమందికి అదనపు మేలు కలుగుతుందని పరిశోధనల్లో స్పష్టంగా తేలలేదు గనుక, అది హార్మోన్ నిపుణుడి పర్యవేక్షణలోనే జరగాలి.

మెరుగైన చికిత్స కోరేవారు పరీక్ష తేదీ, టీఎస్‌హెచ్ అంకె, మాత్ర మోతాదు, ఆనాటి బాధలు ఒక నోటుపుస్తకంలో వరుసగా రాసుకొని, ఏ వైద్యుడి వద్దకు వెళ్లినా దానిని ముందు పెట్టడం మంచిది. అల్లికలో ఏ వరుసలో కుట్టు తప్పిందో వెనక్కి లెక్కపెట్టి పోల్చుకోగల స్త్రీలకు ఈ లెక్క కష్టమేమీ కాదు. వేళ్ల తిమ్మిరికి కారణం అల్లికో, థైరాయిడో తేల్చుకోవడానికి అది వైద్యుడికీ దారి చూపుతుంది.