గులకరాయి చెప్పిన లెక్క

నడుం పక్కన మొదలైన నొప్పి పొత్తికడుపులోకి పాకుతోందని నాన్న స్కానింగ్ చేయించుకొచ్చారు. రిపోర్టులో 'రీనల్ కాలిక్యులస్' అని ఉంది. అది చూడగానే అమ్మ గుండె గుభేల్మంది. ఇంటర్ చదివే కూతురికి మాత్రం వేరే అనుమానం... 'ఇది మా లెక్కల పుస్తకంలో ఉండాలి కదా, నాన్న కిడ్నీలోకి ఎలా వచ్చింది?'

ఏ ఇంట్లోనైనా రాదగ్గ అనుమానమే. ఎందుకంటే ఆ రెండూ ఒకటే మాట!

లాటిన్‌లో 'కాల్క్స్' అంటే సున్నపురాయి. దాన్నుంచి వచ్చిన 'కాలిక్యులస్'కి అర్థం చిన్న రాయి... గులకరాయి. మన పిల్లలు చింతగింజలతో లెక్కలు నేర్చుకున్నట్టే పూర్వం రోమన్లు గులకరాళ్లతో కూడికలూ తీసివేతలూ చేసేవారు. గీతలున్న పలక మీద ఒక వరుసలో రాయి పెడితే ఒకటి, పక్క వరుసలో పెడితే పది, ఆ పక్కన వంద. అలా రాయి పేరే లెక్కకు పేరైంది. కాలిక్యులేటర్ పుట్టిందీ అందులోంచే. ఆటలో కదిపే కాయనీ, తీర్పు చెప్పేటప్పుడు వేసే ఓటునీ కూడా వాళ్లు అదే మాటతో పిలిచారు.

1684లో జర్మనీకి చెందిన లైబ్నిజ్, క్షణక్షణం మారే విలువల్ని లెక్కగట్టే కొత్త పద్ధతిని ప్రచురించాడు. లాటిన్‌లో రాసిన ఆ వ్యాసం శీర్షికలోనూ ఈ మాట ఉంది. ఇంటర్ విద్యార్థులకు నిద్రపట్టనివ్వని కలన గణితం అదే.

మరి కిడ్నీ సంగతి? దాదాపు 2000 ఏళ్ల క్రితమే సెల్సస్ అనే రోమన్ రచయిత మూత్రాశయంలో రాయిని కాలిక్యులస్ అన్నాడు, దాన్ని తీసే శస్త్రచికిత్సనూ వివరించాడు. మన ఆయుర్వేదంలో దీని పేరు అశ్మరి. అశ్మం అన్నా రాయే! పళ్లకు పట్టే గారనూ దంతవైద్యులు కాలిక్యులస్ అనే అంటారు. ఇంకో విశేషం... కిడ్నీ రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియంతో ఏర్పడేవే. 1808లో హంఫ్రీ డేవీ ఆ మూలకానికి పేరు పెట్టింది కూడా 'కాల్క్స్' నుంచే.

అంటే రిపోర్టులో భయపెట్టిన మాటకు అర్థం 'చిన్న రాయి'... అంతే. అయిదు మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకూ వాటంతటవే పోతాయి. అలాగని అశ్రద్ధ చేయకూడదు. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రిపోర్టులో ఏ మాటైనా అర్థం కాకపోతే డాక్టర్ని అడగడానికి మొహమాటపడొద్దు. పేరు తెలిస్తే సగం భయం పోతుంది.

ఇక కూతురి పుస్తకంలోని కాలిక్యులస్ అంటారా... అది నీళ్లు తాగితే పోయేది కాదు. కూర్చుని చేయాల్సిందే!