చెన్నై నుంచి హైదరాబాదుకి ఫ్లైట్‌లో నిజంగా ఎంతసేపు?



"టికెట్లో గంటంబావు ప్రయాణం అని ఉంది. హైదరాబాదులో పదకొండింటికి పరీక్ష అయితే ఇక్కడ ఎనిమిదింటి ఫ్లైట్ ఎక్కితే చాలదా?" అని ఒక నాన్నగారు అడిగారు. చాలామందికి వచ్చే సందేహమే. పిల్లలు లెక్క వేసి చూడదగ్గది కూడా.

ముందు దూరం. అట్లాసు తీయండి. మీనంబాక్కం విమానాశ్రయం సుమారు 13.0 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. శంషాబాద్ 17.2, 78.4 దగ్గర.

• అక్షాంశాల తేడా 4.2 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 466 కి.మీ.
• రేఖాంశాల తేడా 1.8 డిగ్రీలు. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. అందుకని ఇక్కడ డిగ్రీకి 107 కి.మీ. వేసుకుంటే 193 కి.మీ.

ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో భుజాలనుకోండి. పైథాగరస్ సూత్రంతో కర్ణం కట్టండి: సుమారు 504 కి.మీ. అదే ఆకాశంలో తిన్నని దారి. రోడ్డు మీద అయితే 600 దాటుతుంది.

జెట్ విమానం పైన గంటకు దాదాపు 800 కి.మీ. వేగంతో పోతుంది. ఆ లెక్కన 38 నిమిషాలు చాలు. మరి టికెట్లో 75 నిమిషాలు ఎందుకు?

టికెట్లో వేసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్ళీ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగా వెళ్ళాలి, వరసలో ఆగాలి. 10,000 అడుగుల లోపు సాధారణంగా గంటకు సుమారు 460 కి.మీ. మించి పోకూడదు. గాలికి ఎదురుగా లేచి తర్వాత దారికి తిరగాలి, దిగేటప్పుడూ అంతే. దూరం తక్కువైన ప్రయాణంలో ఎక్కడం, దిగడమే ఎక్కువ భాగం; పూర్తి వేగంతో పోయేది కాసేపే.

ఇప్పుడు ఆ నాన్నగారి లెక్క. ఎనిమిదింటి ఫ్లైట్‌కి చెక్-ఇన్ కౌంటరు సాధారణంగా గంట ముందే, ఏడింటికే మూసేస్తారు. ఆరింటికి విమానాశ్రయంలో ఉండాలంటే ఇంట్లో ఐదింటికి బయలుదేరాలి. అక్కడ దిగేది తొమ్మిదింబావుకి. బ్యాగు తీసుకుని బయటపడేసరికి పావు తక్కువ పది. శంషాబాద్ నుంచి ఊళ్ళోకి పాతిక కిలోమీటర్ల పైమాటే; ట్రాఫిక్‌లో గంట పట్టినా పావు తక్కువ పదకొండు. ఇంటి నుంచి పరీక్ష హాలుకి ఐదుముప్పావు గంటలు! చాలా పరీక్షలకి గేటు ముందే మూసేస్తారు కూడా. ఫ్లైట్ అరగంట ఆలస్యమైతే ఏడాది చదువు గేటు బయటే.

కాబట్టి పరీక్షకైనా, ఇంటర్వ్యూకైనా ముందురోజే చేరండి. రాత్రి రైలు ఎక్కేవాళ్ళు కూడా ఒకరోజు ముందుగానే బయలుదేరండి.

పిల్లలూ, బెంగళూరు విమానాశ్రయం 13.2, 77.7 దగ్గర ఉంది. అక్కడ రేఖాంశం డిగ్రీకి 108 వేసుకుని దూరం కట్టండి. 270 కి.మీ. దగ్గర్లో వస్తే మీ లెక్క సరైనట్టే.