కారు నడుపువాడు కోరునది

హైదరాబాదు పాతనగరమున, చార్మినారునకు సమీపమున చౌమహల్లా రాజభవనము కలదు. అందు భద్రపరచిన పురాతన వాహనములలో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారొకటి చూపరుల నాకర్షించుచుండును. దాని వెనుక భాగమున సాధారణమైన ఆసనమునకు మారుగా ఎత్తైన సింహాసనము అమర్చబడినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొరకు ఇది ఇంగ్లండులో నిర్మింపబడెను. 1911లో ఆ ప్రభువు కీర్తిశేషుడగుటచే దాని నెక్కు అవకాశము ఆయనకు కలుగలేదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉత్సవ సమయములందు మాత్రము దానిని వాడెను.

అచట కొనువాడు ఒక్కడే. నిర్మాతలు ఆయన అవసరమును తెలిసికొని కారును మలచిరి. కాని లక్షలాది జనులకు కార్లు చేయునపుడు వారి కోరిక తెలియుట యెట్లు? మోటారు పరిశ్రమను నేటికిని వేధించుచున్న ప్రశ్న యిదియే.

అమెరికా దేశీయుడగు హెన్రీ ఫోర్డు 1908లో ‘మోడల్ టి’ అను కారును విడుదల చేసెను. 1913లో, పనివాని యొద్దకే బండి కదలి వచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. మొదట 850 డాలర్లుండిన వెల క్రమముగా 300 డాలర్లకు దిగువకు వచ్చెను. సామాన్యులు కూడ కార్లు కొనగలిగిరి. అయినను 1914 మొదలు 1925 వరకు ఆ కారు నలుపు రంగున మాత్రమే లభించెను. ఈలోగా జనరల్ మోటార్స్ సంస్థ పలు రంగులను, సౌకర్యములను చూపి జనులను తనవైపు త్రిప్పుకొనెను. 1927లో ‘మోడల్ టి’ తయారీ నిలిచిపోయెను.

స్కూటరుపై ప్రాణభయముతో ప్రయాణించు కుటుంబమునకు సురక్షితమైన వాహనము నీయవలెనని రతన్ టాటా నానో కారును తలపెట్టెను. 2009లో సుమారు లక్ష రూపాయల వెలతో అది విపణికి వచ్చెను. కాని ‘అన్నిటికన్న చౌక కారు’ అను పేరే దానికి శత్రువయ్యెను. కారు కొను గృహస్థు దానితోపాటు గౌరవమును గూడ కోరును గదా! 2018 నాటికి దాని తయారీ దాదాపు ఆగిపోయెను.

కావున వెల తగ్గించినంతనే చాలదు. నడుపువాని జీవితము నెరుగవలెను. జపాను ఇంజనీరు యూజీ యోకోయా ఇందుకు మార్గము చూపెను. టయోటా వారి ‘సియెన్నా’ అను కుటుంబ వాహనమును 2004 నమూనాకై తీర్చిదిద్దుటకు పూర్వము, ఆయన అమెరికాలోని 50 రాష్ట్రములందును, కెనడా, మెక్సికోలందును స్వయముగా బండి నడిపెను. శాంటా ఫే నగరపు ఇరుకు వీధులలో మలుపు కష్టమని గ్రహించి, తక్కువ చోటున తిరుగునట్లు దానిని దిద్దెను. మిసిసిపీ వంతెనపై పెనుగాలి బండిని ప్రక్కకు నెట్టుట గమనించి, దాని నిలకడను పెంచెను.

ఇటీవలి కార్లలో పలు మీటలు తొలగి, వాని స్థానమున టచ్‌స్క్రీన్ తెరలు వచ్చినవి. మీటను చేతితో తడిమి గుర్తింపవచ్చును. నున్నని తెరను చూడక తప్పదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 10 మీటర్లు సాగును. రెండు సెకనులు చూపు తెరపై నిలిచినచో, 20 మీటర్లు కనులు మూసికొని నడిపినట్లే! అంతలో బడి విడిచిన బాలుడొకడు అడ్డము రావచ్చును. అందుచేతనే ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించు యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుండి హారను, వైపర్లు, మలుపు దీపములు మున్నగువానికి ప్రత్యేకమైన మీటలుండుటను తన పరీక్షలో లెక్కకు తీసికొనుచున్నది.

పత్తర్‌గట్టి, షాలిబండ వీధులలో తోపుడుబండ్లు, ఆటోలు, పాదచారులు ఒరసికొని పోవుచుందురు. అట్టిచోట కారు నడుపువానికి కావలసినవి సులువైన మలుపు, గతుకులకు తగులని ఎత్తు, ముందున్న పసివానిని మరుగుపరుపని అద్దము, తడిమినంతనే దొరకు మీట. ఈ సంగతులు ఆ వీధులలో బండి నడిపి చూచిన నిర్మాతకే తెలియును. నాడు సింహాసనమెక్కు ప్రభువు అవసరమును గమనించిరి. నేడు స్టీరింగు పట్టిన సామాన్యుని అవసరమును గమనింపవలెను.