పంచాయతీ కంప్యూటరు పలుకనప్పుడు

ఒకప్పుడు గ్రామపు లెక్కలన్నియు చెక్కపెట్టెలోని దస్త్రములలో నుండెడివి. తాళపుచెవి పోయినచో తాళము పగులగొట్టిన చాలును, దస్త్రము చేతికి వచ్చెడిది. నేడు ఇంటిపన్ను జాబితాలు, పంచాయతీ జమాఖర్చులు, జనన మరణముల నమోదు, అన్నియు కంప్యూటరు ద్వారా నడచుచున్నవి. ఒకనాటి ఉదయమున బటను నొక్కినను ఆ కంప్యూటరు మేల్కొననిచో ఏమి చేయవలెను? రత్నవరమైనను, చాకిరాలయైనను, సాధారణముగా జరుగునది ఒక్కటే. “చెడిపోయినది” అని నిశ్చయించి, పెట్టెను ఆటోలో కోదాడకు పంపుదురు. అది అచ్చట కొన్ని దినములు పడియుండును. తుదకు తీగ యొక్కటి మార్చినంతనే బాగుపడినదని తెలిసి నవ్వుకొనుటయు కద్దు.

నవ్వుకొనుటకు వీలులేని వారును కలరు. మరణమును నమోదు చేయించుటకు గడువు 21 దినములు. ఇంటి పెద్ద పోయిన కుటుంబమునకు బీమా సొమ్ముగాని, బ్యాంకులోని సొమ్ముగాని రావలెనన్నచో ఆ ధ్రువపత్రమే ఆధారము. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుట మొదలుకొని జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ప్రమాణమని చట్టము. నాట్ల కాలమున కూలి పోగొట్టుకొని వచ్చిన మనిషిని “మిషను చెడినది, వచ్చే వారము రమ్ము” అని త్రిప్పి పంపుట ఏ పంచాయతీకిని శోభ కాదు.

ఇచ్చట సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలసిన సంగతి యొకటి ఉన్నది. పెట్టె వెలుగనంత మాత్రమున అందలి కాగితములు నశించినట్లు కాదు. వ్రాత నిలుచు చోటు హార్డు డిస్కు. విద్యుత్తు తీసికొను భాగము వేరు. అంతేకాదు, 2020 ఏప్రిలులో ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో ఎక్కించిన లెక్కలు మీ గదిలోని పెట్టెలో లేనే లేవు. అవి దూరమున నున్న సర్వరులో భద్రముగా నుండును. కార్యదర్శి తన పేరుతోను, రహస్య పదముతోను మండల కార్యాలయములోని మరియొక కంప్యూటరునుండి ఆ పని సాగింపవచ్చును. కావున ధ్రువపత్రము కొరకు వచ్చిన వానిని ఆపవలసిన పనిలేదు.

ఇక పెట్టె సంగతి. “ఆన్ అగుట లేదు” అను మాటలో మూడు వేర్వేరు జబ్బులు దాగియున్నవి. ఏ దీపమును వెలుగక, ఏ చప్పుడును లేకుండుట ఒకటి. లోపల ఫ్యాను తిరుగుచు, దీపము వెలుగుచు, తెరమీద మాత్రము ఏమియు కనబడకుండుట రెండవది. వెలిగి, కొన్ని నిమిషములకే ఆరిపోవుట మూడవది. రెండవదానిలో పెట్టెకు కరెంటు అందుచునే యున్నది. మానిటరు తీగ వదులైనదో, మానిటరు ప్లగ్గు ఊడినదో చూడవలెను. ఈ భేదము తెలియకయే పెక్కు పెట్టెలు కోదాడ ప్రయాణము చేయుచున్నవని మా అభిప్రాయము.

మొదటి జబ్బునకు మందు ఓపిక. పొలములో మడికి నీరు రానిచో రైతు మడిలో నిలిచి చింతింపడు. తూమునుండి పిల్లకాలువ వెంబడి నడచుచు ఎచ్చట గండి పడినదో చూచుకొనును. కరెంటునకును అదే పద్ధతి. గోడలోని ప్లగ్గులో సెల్‌ఫోను చార్జరు గ్రుచ్చి చూడుడు. అది పనిచేయనిచో తప్పు కంప్యూటరుది కాదు, ఫ్యూజుదో లైనుదో. గోడ బాగున్నచో తరువాతిది యు.పి.యస్. పెట్టె. అందులోని 12 వోల్టుల బ్యాటరీ మూడు నాలుగేండ్లలో సత్తువ కోల్పోవును. అట్టి బ్యాటరీ ఉన్నచో కరెంటు ఉన్నను కొన్ని యు.పి.యస్.లు వెలుగనే వెలుగవు. యు.పి.యస్.ను తప్పించి కంప్యూటరు తీగను నేరుగా గోడకు తగిలించినప్పుడు పనిచేసినచో, మార్చవలసినది బ్యాటరీయే. కొత్త కంప్యూటరు కొరకు తీర్మానము చేయనవసరము లేదు.

అటుపిమ్మట పెట్టె వెనుకకు పోవు నల్లతీగ. మానిటరునకును సాధారణముగా అట్టి తీగయే యుండును గనుక రెంటిని మార్చి చూచినచో తీగ మంచిచెడ్డలు క్షణములో తేలును. పెట్టె వెనుక, తీగ గ్రుచ్చుచోట చిన్న స్విచ్చి కొన్నిటికి ఉండును. గది ఊడ్చునప్పుడు ఎవరి చేయియో తగిలి అది ఆరిపోవుట తరచుగా జరుగును. పాత పెట్టెలలో 115, 230 అను అంకెలు గల ఎర్రని మీట యుండును. మన దేశపు కరెంటు 230 వోల్టులు. మీటలో ఆ అంకెయే కనబడవలెను. ఎవరైన తెలియక దానిని 115కు జరిపి స్విచ్చి వేసినచో లోపలి భాగము కాలిపోవును.

ఇవన్నియు సరిగా నున్నను పెట్టె మేల్కొననిచో, తీగ పూర్తిగా ఊడదీసి, ముందరి బటనును అరనిమిషము నొక్కిపట్టి, మరల తగిలించి చూడవలెను. లోపల నిలిచిన కొద్దిపాటి విద్యుత్తు దిగిపోయి, కొన్ని పెట్టెలు దీనితోనే లేచును. అప్పటికిని లేవనిచో ఎస్.ఎం.పి.ఎస్. అను భాగమును అనుమానింపవలెను. 230 వోల్టులను కంప్యూటరునకు పనికివచ్చు 12, 5, 3.3 వోల్టులుగా దించునది ఇదే. దీనిని మార్చుట మెకానికు పని. దాని డబ్బాను మాత్రము ఎవరును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

వెలిగి ఆరిపోవు మూడవ జబ్బు తరచుగా దుమ్ముచే వచ్చును. ఫ్యాను మూసుకొనిపోయి లోపల వేడి పెరిగినప్పుడు యంత్రము తన్ను తాను ఆపుకొనును. ఊరిలో మోటార్లన్నియు ఒక్కసారి నడచు వేళ వోల్టేజి పడిపోవుటయు ఒక కారణమే. వేళను గుర్తు పెట్టుకొన్నచో సంగతి తెలియును.

వెలుగుట వెలిగి, తేదీ మాత్రము ఏండ్ల వెనుకకు పోయిన కంప్యూటరును గూర్చి ఒక మాట. లోపల రూపాయి బిళ్ల వంటి 3 వోల్టుల బ్యాటరీ యున్నది. అది అయిపోయినచో గడియారము తప్పును. తేదీ తప్పినచో ప్రభుత్వ వెబ్‌సైటులు తెరచుకొనవు. “నెట్ లేదు” అని అనుకొందురుగాని, కావలసినది ఆ బిళ్ల మాత్రమే.

శాస్త్ర విషయములను తెలుగున చెప్పుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులైన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు నడిగూడెము కేంద్రముగా నుండిన మునగాల సంస్థానమునకు దివానుగా పనిచేసినవారే. తెలుగున చెప్పినచో తెలియని యంత్రము లేదు.

వాన సంగతి వేరుగా చెప్పవలసియున్నది. 2024 సెప్టెంబరు ఆరంభపు భారీ వర్షములలో ఇదే మండలమున కాగిత రామచంద్రాపురము వద్ద సాగర్ ఎడమకాలువకు గండి పడిన సంగతి మీరెరుగుదురు. నీరు సోకిన కంప్యూటరును “ఒకసారి చూతము” అని స్విచ్చి వేయుటకంటె పెద్ద తప్పు లేదు. తడి వలన పాడుగాని భాగములు కరెంటు పారుట వలన కాలిపోవును. పూర్తిగా ఆరువరకు దానిని ముట్టరాదు. అటు తరువాత మెకానికునకు చూపవలెను. ఉరుములు వినబడినంతనే ప్లగ్గును, ఇంటర్నెట్ తీగను రెంటిని ఊడదీయవలెను. పిడుగు తీగ వెంట వచ్చును గనుక స్విచ్చి ఆర్పుట ఒక్కటే చాలదు. కార్యాలయపు ఎర్తింగు గుంటలో వేసవియందు నీరు పోయించుట సభ్యులు కనిపెట్టి చూడవలసిన పని.

తప్పనిసరియై కోదాడకు పంపవలసి వచ్చినప్పుడు, చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెనును ముందుగా ఊడదీసి బీరువాలో పెట్టవలెను. హార్డు డిస్కు మార్చినచో పాతదానిని తిరిగి ఇయ్యవలెనని దుకాణపువారితో రసీదుమీద వ్రాయించుకొనవలెను. అందు గ్రామస్థుల ఆధారు నంబర్లు, ఖాతా వివరములు ఉండవచ్చును. పెట్టెతో ఒక కాగితము పంపుట మేలు: దీపము వెలిగెనా, ఫ్యాను తిరిగెనా, చప్పుడు వచ్చెనా, ఏ తీగ మార్చి చూచితిరి, ఏ వేళ ఆగినది. ఆ అయిదు మాటలు చదివిన మెకానికు వెదకులాడక పని మొదలుపెట్టును.